పుంటికూర మడికి నైట్ విజన్ కాపలా

ఖతర్‌కు కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో నాకు ఏ పని వచ్చో నాకంటే మా బావకే బాగా తెలుసు. ఎవరేం అడిగినా "మావోనికి అస్తది" అనేవాడు, నేను తల ఊపేవాణ్ణి. అలా ఊపీ ఊపీ సైటులో సిమెంటు మోసే పని నుంచి అల్ ఖోర్ అవతల ఒక అరబ్బు తోటలో తేలాను. బావ అక్కడే నీళ్ళ ట్యాంకర్ నడిపేవాడు. (మా అమ్మ మాత్రం నేను దుబాయ్‌లో ఉన్నాననే అందరికీ చెబుతుంది.)

ఆ తోట మూలన, ఇంటి నుంచి తెచ్చుకున్న విత్తనాలతో పుంటికూర (మీలో కొందరికి గోంగూర) మడి వేశాను. ఆకు కోతకు రాగానే క్యాంపులోని మా జిల్లా వాళ్ళంతా పసిపిల్లను చూడవచ్చినట్టు వచ్చి చూసిపోయారు. ఆ సంబరంలో శుక్రవారం అందరికీ పుంటికూర పప్పు పెడతానని నోరు జారాను. ఆ రాత్రే మడిలోకి కుందేలు దిగింది. పొద్దున చూస్తే ఒక వరుసంతా మోడు. ఇలాగే సాగితే పప్పు కాదు గదా, వాసన చూడడానికి కూడా ఆకు మిగలదు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

అర్బాబ్ (అక్కడ యజమానిని అలాగే అంటారు) కొడుక్కి వేట సరదా, దానికి అనుమతి కూడా ఉంది. కొత్తగా ఒక నైట్ విజన్ కొన్నాడు. తుపాకీ మీది స్కోపుకు వెనకాల తగిలిస్తే చీకట్లో కూడా అంతా ఆకుపచ్చగా కనిపిస్తుంది. బావ ఊరుకుంటాడా? మా బామ్మర్ది ఊళ్ళో పెద్ద శికారి, అంటే వేటగాడు, అని హిందీలో చెప్పేశాడు. "శికారి? జైన్, యల్లా," (బాగుంది, పద) అంటూ ఆయన సంతోషంగా తుపాకీ నా చేతిలో పెట్టాడు.

"బావా, నేను తుపాకీ ఎన్నడు పట్టిన?" అని గొణిగాను.

"మక్కచేన్ల పందులకు కావలి పండలేదార? గదే శికారి. కండ్లు మెరిసినంక వేలు గుంజు, గంతే."

చీకటి పడ్డాక ముగ్గురం మడికి అవతల ఇసుకలో బోర్లా పడుకున్నాం. ఆకుపచ్చ వెలుగులో ముందు చెవులు కనిపించాయి, తర్వాత రెండు కళ్ళు తళుక్కుమన్నాయి. కుందేలు నా మడిలో తీరిగ్గా కూర్చుని ఆకు నమలడం మొదలుపెట్టింది. "గుంజు," అన్నాడు బావ. గుంజాల్సిందే. కానీ చీకట్లో కళ్ళు మెరిస్తే మంచె మీద మా నాన్న నేర్పింది ఒకటే పని. తుపాకీ పక్కన పెట్టి, లేచి నిలబడి, "హూయ్... హో... హో..." అని గొంతు చించుకుని అరిచాను. చాలదన్నట్టు అక్కడున్న రేకు డబ్బా అందుకుని వాయించాను. మేకలు లేచాయి, కుక్కలు లేచాయి, తోటలో వంటచేసే ఆయన చెప్పుల్లేకుండా ఉరికొచ్చాడు.

బావ మొహం ఇసుకలో దాచుకున్నాడు. ఇక రేపటి నుంచి మళ్ళీ సిమెంటే అనుకున్నాను. అర్బాబ్ కొడుకు తుపాకీ తీసుకుని, నైట్ విజన్‌లోంచి మడంతా వెతికి, కుందేలు "మాఫీ" (లేదు) అని చెప్పి, వెల్లకిలా పడి నవ్వడం మొదలుపెట్టాడు. చివరికి కళ్ళు తుడుచుకుంటూ హిందీలో అడిగాడు, రేపు కూడా ఇలాగే అరుస్తావా అని.

అరిచాను. శుక్రవారం దాకా రోజూ అరిచాను. ఆయన స్నేహితుల్ని కూడా తీసుకొచ్చి నైట్ విజన్‌లో చూపించాడు, కుందేల్ని కాదు, నన్ను. శుక్రవారం పప్పు పులుపెక్కిందన్నారు గానీ, మా వాళ్ళు గిన్నె అడుగు గీకి మరీ తిన్నారు. అర్బాబ్ కొడుకు రొట్టెతో అద్దుకుని, పులుపుకు ఒక కన్ను మూసి, ఇంకొంచెం పెట్టమన్నాడు. ఆ రోజు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

ఇప్పుడు ఖతర్‌లోనే, అల్ అజీజియాలో ఒక ఇంట్లో డ్రైవర్ని. పుంటికూర దుకాణంలో కట్టలుగా దొరుకుతుంది. బావ ఫోన్ చేస్తే "ఏం శికారి" అనే పిలుస్తాడు. డ్యూటీ అయి బండి పెట్టి దిగినప్పుడు ఒక్కోసారి గోడ మీద పిల్లి కళ్ళు మెరుస్తాయి. గొంతు దాకా వచ్చిన "హూయ్" మింగేసి, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసి, నవ్వుకుంటూ లోపలికి పోతాను.