పార్వతక్క మేకను ఎక్కడ పెట్టాలనుకుంది

యంత్రాలకు బొట్లు పెట్టి కొలిచే విశ్వకర్మ పూజనాడు గమ్హరియాలో మా కంపెనీ షెడ్డులోకి అడుగుపెడితే అగరుబత్తి పొగా యంత్రాల నూనె వాసనా కలిసి ముక్కుకు తగులుతాయి. ఆ ఒక్కరోజూ పనివాళ్ల కుటుంబాలను లోపలికి రానిస్తారు. పిల్లలు నాన్న నడిపే యంత్రం చుట్టూ తిరుగుతారు. ఈసారి ఆ వాసన తగలగానే నాకు పార్వతక్క గుర్తొచ్చింది. నాకు పని నేర్పిన మనిషి ఆవిడ.

భాలుబాసాలో ఓ మేడ మీద ఆవిడ వీడియో గేముల స్టూడియో నడిపేది. మాకు పెట్టుబడి పెట్టి, తయారైన ఆటను అమ్మాల్సిన పబ్లిషరు బెంగళూరులో ఉండేవాడు. మేం చేస్తున్న ఆటలో ఒక కార్మికుల కాలనీ, అందులో తప్పిపోయిన ఒక మేక. ఆడేవాళ్లు ఇంటింటికీ తిరిగి దాన్ని వెతకాలి. ఆ ఇళ్ల లోపలి గదులు గీయడం నా పని. నేనొక వంటగది గీసి చూపిస్తే ఆవిడ మెచ్చుకునేదీ కాదు, తిట్టేదీ కాదు. తెర మీదికి వంగి, "ఈ డబ్బాలో ఏటుంది?" అనేది. "పతా నహీ అక్కా, ఏమో, ఖాళీయే" అనేదాన్ని. "ఎవులైనా మూత తీసి సూత్తే? నీకే తెలీకపోతే ఆళ్లకేటి తెలుత్తాది?" మొదట్లో ఒళ్లు మండేది. కొన్నాళ్లకు నాకే ఏ డబ్బా కనిపించినా మూత తీసి చూడాలనిపించేది.

ఆట సగం పైగా పూర్తయ్యాక, స్టూడియో మూసేస్తున్నామని పబ్లిషరు తరఫు మేనేజరు వీడియో కాల్‌లో చెప్పేశాడు. ఆట కూడా రద్దు. చేసినదంతా వాళ్లకు అప్పగించి, మా కంప్యూటర్లలోంచి చెరిపేయాలి. ఏళ్ల తరబడి పడ్డ కష్టం ఎవరి కంటా పడకుండానే పోతుందన్నమాట. పార్వతక్క మాత్రం ఒక్కటే అడిగింది, ఇంట్లోవాళ్లకు ఒకసారి చూపించుకోవచ్చా అని. కుదరదన్నాడు. "చూస్తే ఏమవుతుంది సార్? నిజంగా తెలియకే అడుగుతున్నాను," అంది హిందీలో. అతను నవ్వేసి, ఫోన్లు బయట పెట్టించి ఒక్క మధ్యాహ్నం చూపించుకోమన్నాడు.

"సిన్నప్పుడు పూజనాడు మా నాన్న మెషీను సూసినాను. అంతవరకూ ఆయన ఏటి సేత్తాడో నాకు ఎరికే లేదు. మనోళ్లూ సూడాలి కదా," అంది మాతో. పూజ నెల కాకపోయినా కంప్యూటర్లకు బొట్లు పెట్టి, బూందీ పంచింది.

టెల్కో కాలనీ నుంచి అమ్మ వచ్చింది. నా ఉద్యోగానికి ఆవిడ పెట్టిన పేరు పిల్లలాట. మౌస్ పట్టుకోవడం నేర్పితే మొదట గోడలకు గుద్దుకుంది. తర్వాత నేను గీసిన వంటగదిలోకి దూరి డబ్బాల మూతలన్నీ తీయడం మొదలుపెట్టింది. ఇక కుర్చీలోంచి లేస్తే ఒట్టు. మంచం కింద చూసింది, మేడ మీద చూసింది. "ఏటే సైలూ, ఆ మేకెక్కడుందో సెప్పవా?" అంది. ఆ సంగతి నాకూ తెలీదు, అక్క మాకెవరికీ చెప్పలేదు. అమ్మ ఆవిడనే అడిగింది. "ఎతకండి పిన్నీ," అని నవ్వి, అక్క ఆ కుర్చీ వెనకే నిలబడిపోయింది.

అందరూ వెళ్లాక అంతా చెరిపేశాం. మెట్లు దిగుతూ ఉండబట్టలేక అడిగాను, ఇప్పుడైనా చెప్పు అక్కా, మేక ఎక్కడ అని.

"ఇంకా పెట్టనేదే. మీయమ్మ ఎక్కడెక్కడ ఎతుకుతాదో సూసి, సూడని జాగాలో పెడదారని నిలబడ్డాను. కాలనీ పార్కు గోడెనక సూడనేదు!"

చెరిపేసిన ఆట గురించి ఇంత సంబరంగా మాట్లాడుతోంది ఆవిడ. నాకు ఏడుపొచ్చేసింది.

ఇప్పుడు నేను ఈ కంపెనీలో కొత్త పనివాళ్లకు యంత్రాలు నడపడం నేర్పే కంప్యూటర్ బొమ్మలు చేస్తాను. ఏది చేసినా ముందు దాని గురించి ఏమీ తెలియని మనిషి చేతికిచ్చి, వెనక నిలబడి, కళ్లు ఎటు పోతున్నాయో చూస్తాను. ఇంటి దగ్గర అమ్మ ఇప్పటికీ కూర కలుపుతూ కలుపుతూ ఆగి, "ఆ ఆటలో పక్కింటోళ్ల బాత్రూములో సూడనేదే నేను," అంటుంది. ఆ ఆటలో అసలు మేకే లేదని నేనింతవరకూ చెప్పలేదు.