సున్నా చూపించిన తీగ

మూడేళ్ల కింద, మే నెల. కరీంనగర్ వైపు ఒక చిన్న ఊళ్లో జూనియర్ లైన్‌మన్‌గా చేరి నాకు అప్పటికి ఏడాది కాలేదు. ఆడదాన్నైనా ఆర్డర్‌లో రాసింది లైన్‌మన్ అనే. స్తంభం ఎక్కే పరీక్షలో నాతో వచ్చిన మగవాళ్లిద్దరు సగంలోనే జారారు, నేను జారలేదు. అయినా ఏ స్తంభం దగ్గరికి వెళ్లినా "ఈ పిల్ల ఎక్కుతదా?" అంటూ కింద ఒక గుంపు. ఎక్కి చూపించీ చూపించీ విసుగొచ్చేది.

ఆ రోజు పొద్దున గాలివానకు నేతవాళ్ల వీధిలో చివరి స్తంభానికి వెళ్లే తీగలు తెగాయి. ఆ స్తంభం మీద ఉన్న కనెక్షన్ ఒకటే, నర్సయ్య కాకా షెడ్డుది. లోపల రెండు సాంచెలు, అంటే మరమగ్గాలు. బడిపిల్లల యూనిఫాం గుడ్డ సాయంత్రానికల్లా ఇవ్వాలి. మిగతా షెడ్లు వేరే లైన్ మీద నడుస్తున్నాయి. ఆ చప్పుడులో పక్క మనిషి మాట కూడా సరిగ్గా వినపడదు.

మా లైన్ ఇన్‌స్పెక్టర్ సార్ సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి ఎల్సీ తీసుకున్నాడు. లైన్ ఆపామని వాళ్లిచ్చే హామీ అది. తర్వాత స్తంభం నుంచి షెడ్డు గోడ మీదికి వచ్చే సర్వీసు వైరుకు టాంగ్ టెస్టర్ తగిలించాడు. తీగను చుట్టి పట్టుకునే మీటరు. సున్నా చూపించింది.

"చూసినవా? ఏం లేదు. ఎక్కు."

నా జేబులో నేను కొనుక్కున్న టెస్టర్ పెన్ను ఉంది. తీగను ముట్టనక్కర్లేదు, వోల్టేజీ ఉంటే దగ్గర పెట్టగానే కూస్తుంది. పెట్టాను. కీ కీమని మొత్తుకుంది.

"నేను ఎక్క సార్."

"గా బొమ్మ పెన్ను మాట ఇంటవా, నా మాట ఇంటవా? పక్క లైన్‌ది సోకి కూస్తున్నదది."

గుంపులో ఎవరో నవ్వారు. "చెప్పలే? ఆడపిల్లతోని అయితదా గీ పని!"

నర్సయ్య కాకా బతిమాలాడు. "జర ఎక్కు బిడ్డా. సాయంత్రానికి గుడ్డ ఇయ్యకుంటే మాకు మళ్ల నూలు ఇయ్యరు."

ఎక్కి అందరి నోళ్లూ మూయించాలనిపించింది. అబద్ధమెందుకు, ఒక్క క్షణం నిచ్చెన మీద చెయ్యి వేశాను కూడా.

కానీ నాకు తెలుసు. తీగలో కరెంటు పారితేనే దాని చుట్టూ అయస్కాంత క్షేత్రం పుడుతుంది. టాంగ్ టెస్టర్ పట్టేది దాన్నే. పారకపోయినా సరే, వోల్టేజీ ఉంటే తీగ చుట్టూ విద్యుత్ క్షేత్రం ఉంటుంది. పెన్ను పట్టేది దీన్ని. రెండూ వేరు.

"సార్, నల్లా బందున్నదని పైపుల నీళ్లు లేవంటమా? ఇప్పుడు కరెంటు పారుతలేదు, అంతే. నేను ముట్టుకుంటే నా ఒంట్లకెళ్లి పారుతది."

"ఎక్కవా? మెమో ఇస్త!"

"ఇయ్యుండ్రి. ఏం లేదంటున్నరు గదా, ముందు మీరు జర చెయ్యి పెట్టుండ్రి."

సార్ చెయ్యి కదలలేదు.

అవతల లైన్ తెగింది కాబట్టి వోల్టేజీ వస్తే షెడ్డు వైపు నుంచే రావాలి. నేను కాకా వైపు తిరిగాను. "కాకా, షెడ్ల జనరేటర్ గిట్ల ఉన్నదా?"

"ఉన్నది బిడ్డా, ఎనకాల. కరెంటు పోయిందని పొద్దుగాల గోడ ప్లగ్గుల వెట్టిన. ఒక్క సాంచ నడుస్తున్నది."

మెయిన్ స్విచ్ దింపకుండానే పెట్టాడు. జనరేటర్ వోల్టేజీ సర్వీసు వైరు మీదుగా వెళ్లి స్తంభం మీద కూర్చుంది. అవతల తీగలు తెగి ఉన్నాయి కాబట్టి పారడానికి దారి లేదు. అందుకే సున్నా.

జనరేటర్ ఆపించాను. పెన్ను ఊరుకుంది. కాకా గడప మీద కూలబడ్డాడు. "నిన్ను నేనే చంపుకుందునా బిడ్డా!" అన్నాడు. అప్పుడు తీగలకు ఎర్త్ కట్టి, ఎక్కాను. కింద తాడు పట్టింది సారే. మధ్యాహ్నానికల్లా సాంచెలు రెండూ ఆడాయి.

స్తంభం ఎక్కడం నాకెప్పుడూ కష్టం కాలేదు. అంతమంది నవ్వుతుంటే ఎక్కకుండా కింద నిలబడటమే కష్టమని ఆ రోజు తెలిసింది. వారానికి మెమో నిజంగానే వచ్చింది, పై అధికారి మాట వినలేదని. జవాబు రెండు వాక్యాల్లో రాసి సంతకం పెట్టాను.

"ఎక్కనన్న మాట నిజమే. రేపైనా సరే, సున్నా ఒక్కటే చూపించి ఎక్కమంటే ఎక్కను."