టీచరమ్మ కాలు, మా బావ మీటరు

మా బావ దగ్గితే రెండు వీధుల అవతల ఆగిపోయిన ఇంజిన్ కూడా భయపడి స్టార్టవుతుంది. ముప్పై ఏళ్లుగా కార్ల బానెట్లు ఎత్తుతున్న ఆ చేతుల మీదుగా జరిగిన తప్పు ఒకే ఒక్కటి. ఈ మాట చెబుతున్నది ఎవరో దారినపోయేవాడు కాదు. పదో తరగతిని సగంలోనే క్షమించి వదిలేసి, అక్క మొగుడి షెడ్డులో టైర్ల విభాగానికి అధిపతినైన నేను. విభాగమంటే ఒక జాకీ, ఒక నీళ్ల తొట్టి, నేను.

ఆ ఒక్క తప్పు లెక్కల టీచరమ్మ కారు విషయంలో జరిగింది. పద్దెనిమిదేళ్ల పాత బండి. యాభయ్యో ఏట డ్రైవింగ్ నేర్చుకుని, సొంత జీతంతో కొనుక్కుంది. నలభై కిలోమీటర్ల వేగంలో సాఫీగా పోతూ ఉన్నట్టుండి ఎక్కిళ్లు పెడుతోందని భర్తను వెంటబెట్టుకుని తెచ్చింది. మా బావ అనుమానం థ్రాటిల్ సెన్సార్ మీదికి పోయింది. యాక్సిలరేటర్ ఎంత తొక్కామో ఇంజిన్‌కు చాడీలు చెప్పే చిన్న డబ్బా అది. కొత్తగా కొన్న అంకెల మీటరు తగిలించి థ్రాటిల్ తిప్పాడు. మొదట్లో అర వోల్టు, చివర్లో నాలుగున్నర. రెండూ సరిపోయాయి.

"సెన్సార్ శుభ్రంగా ఉందండీ. మీ కాలే కుదురుగా లేదు," అన్నాడు.

నేను ఊరుకుంటానా? "కాళ్లకి సర్వీసింగ్ మా దగ్గర లేదు టీచరమ్మా," అని ఒకటి తగిలించాను. ఆమె భర్త నవ్వాడు. బావా నవ్వాడు. ఆవిడ తాళంచెవి భర్త చేతిలో పెట్టి పక్క సీట్లో కూర్చుంది.

మూడు నెలల తర్వాత ఒక పొద్దున ఆయనొక్కడే ఆ కారు తెచ్చాడు. "ఆ రోజు నుంచి మా ఆవిడ స్టీరింగ్ ముట్టలేదు. అమ్మేస్తోంది. సాయంత్రం కొనేవాళ్లు వస్తారు, ఆయిల్ మార్చి ఉంచండి. తను బస్సులో ఇక్కడికే వస్తుంది," అన్నాడు.

బావ ఆయిల్ మార్చి, వీధి చివరిదాకా నడిపి చూశాడు. బావ కాలి కిందా కారు ఎక్కిళ్లు పెట్టింది. తిరిగొచ్చేసరికి అంకెల మీటరు బ్యాటరీ అయిపోయి ఉంది. పెట్టె అడుగు నుంచి పాత ముల్లు మీటరు తీశాడు. థ్రాటిల్ తిప్పుతుంటే ముల్లు మెల్లగా పైకి ఎక్కుతూ, ఒక్కచోట సున్నాకు పడి, మళ్లీ లేచింది. ఆగి ఆగి మారే అంకెల్లో ఆ క్షణం దొరకలేదన్నమాట.

"రోజూ ఒకే వేగంలో కాలు ఆపి నడిపితే, సెన్సార్ లోపలి పట్టీ ఆ ఒక్కచోటే అరుగుతుందిరా. ఇంత కుదురైన కాలు నేను చూళ్లేదు," అన్నాడు.

తాగకుండా పక్కన పెట్టిన బావ టీ మీద మీగడ కట్టింది.

"బావా, కొత్తది వేసేసి నోరు మూసుకో. కారు బాగుపడుతుంది, మన పరువూ నిలుస్తుంది. ఆవిడకేం తెలుస్తుంది?"

"తన కాలే బాగాలేదని తెలుస్తుంది," అన్నాడు బావ. "నీ జోకుకి నేనూ నవ్వాను రా."

కడిగిన టైరే మళ్లీ కడిగాను.

సాయంత్రం టీచరమ్మా, భర్తా వచ్చారు. బావ పాత సెన్సార్ అలాగే ఉంచాడు. "ముల్లు చూడండి," అని తిప్పాడు. అది పడింది.

"తప్పు మీ కాలిది కాదండి, నాది. సగం చూసి చెప్పేశాను."

"ఇంకోసారి తిప్పండి," అంది టీచరమ్మ. తిప్పాడు. "ఇంకోసారి." ఆరుసార్లు తిప్పించింది. ఆమె భర్తకు షెడ్డు పైకప్పులో ఏదో చూడాల్సింది కనబడింది.

"మూడు నెలలు బస్సులో నిలబడింది ఈ కాలే," అంది చివరికి. బావ పాత సెన్సార్ మరలు విప్పడం మొదలుపెట్టాడు.

"టీచరమ్మా, నా జోకు కూడా..."

"నీ సంగతి తర్వాత."

కొత్త సెన్సార్ బిగించేదాకా అక్కడే నిలబడి, భర్త ముందు చెయ్యి చాపింది. "తాళం. కొనేవాళ్లకి ఫోన్ చేసి రావద్దని చెప్పండి." కారు ఒక్క ఎక్కిలి లేకుండా మలుపు తిరిగింది.

షెడ్డుకు వచ్చిన ప్రతివాడికీ ఈ కథ చెబుతాను. నిన్న చెబుతుంటే కారు కింద నుంచి బావ తల బయటపెట్టాడు.

"ముప్పై కాదు, ఇరవై రెండేళ్లు. తప్పు ఒక్కటి కాదు. మీ కాలే బాగాలేదని ఇంకో నలుగురికి చెప్పాను. వాళ్లు మళ్లీ రాలేదు."