పావని రాని రోజు

దయ్యాల మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. మా తాతగారికి నౌపడలో ఉప్పు మళ్లు, ఊళ్లో మేడ ఉండేవి. అన్నీ పోయాయి. నా వంతుకు మేడ తాళంచెవుల గుత్తి ఒక్కటే వచ్చింది. అయినా చూడనిది చూశానని చెప్పే అలవాటు మా వాళ్లలో ఎవరికీ లేదు. ఇది చదివేవారు ఆ సంగతి గుర్తుంచుకోవాలి.

2013లో నేను పాతపట్నం దగ్గర ఒక హైస్కూల్లో లెక్కల మాస్టారిని. తొమ్మిదో తరగతిలో ధనలక్ష్మి అనే పిల్లకు మూర్ఛ వచ్చేది. మొదటిసారి క్లాసులో పడిపోయినప్పుడు అందరూ చేసే పనే నేనూ చేశాను. నా జేబులో ఉన్న ఆ ఇనప తాళంచెవులు ఆమె పిడికిట్లో కుక్కాను. అరచెయ్యి గీసుకుపోయి రక్తం వచ్చింది.

కట్టు కట్టిన డాక్టరు నాకేసి చూసి, "ఇనుము కాదు మాస్టారూ, వాచీ చూసుకోండి" అన్నారు. ఎప్పుడొచ్చింది, ఎన్ని నిమిషాలుంది, ముందు ఏ చెయ్యి కొట్టుకుంది, రాబోయే ముందు ఏ గుర్తులు కనిపించాయి, ఇవన్నీ రాసి తెస్తే మందు సరిచేస్తానన్నారు.

ఆ మాట నాకు గట్టిగానే తగిలింది. ఆ సాయంత్రమే నోటుబుక్కు కొని గడులు గీశాను.

తొందరపడవలసిన కారణం ఇంకొకటుంది. మిగతా పిల్లలు భయపడుతున్నారు, ఇంటికి పంపేద్దామని హెడ్మాస్టరు అంటున్నారు. ఇంటికి పంపితే వాళ్లమ్మ గాలి సోకిందని భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళుతుంది. అంతటితో ఆ పిల్ల చదువు ఆగిపోతుంది.

నాలుగోసారి రాస్తున్నప్పుడు ఒక సంగతి గమనించాను. పక్కన కూర్చునే పావని ప్రతిసారీ రెండు నిమిషాల ముందు లేచి, బెంచీ వెనక్కి జరిపి, తన చున్నీ మడిచి నేలమీద పెడుతోంది. స్నేహితురాలి ముఖంలో ఏదో కనిపెడుతోందనుకున్నాను. అడిగాను.

"తెల్దు సార్. సెయ్యి దానికదే ఎల్లిపోతాది" అంది.

'ముందు గుర్తులు' గడిలో అదే రాశాను.

ఒక గురువారం పావని రాలేదు. నౌపడలో వాళ్ల చిన్నాన్న పెళ్లి. ఆ రోజు పదకొండూ నలభై నాలుగుకు ధనలక్ష్మి పడిపోయింది. బెంచీ జరిపి, కింద చున్నీ పెట్టేవాళ్లు లేక తల బెంచీకి తగిలింది.

సోమవారం పావనిని వాళ్ల నానమ్మ దిగబెట్టింది. "బాబూ, ఈ పిల్లకేటైనాదో సూడండి. పెళ్లిలో అందరూ ఉండగా లెగిసి, కుర్సీ జరిపేసి, కింద తువ్వాలు మడతెట్టింది. ఎవులికే అంటే పలకనేదు."

నేను నమ్మలేదు. ఆ తరవాతి ఆదివారం నౌపడ వెళ్లాను. ఒకప్పుడు మా మళ్లలో పనిచేసిన వాళ్ల ఇల్లది. గుమ్మం దాటడానికి కొంచెం తటపటాయించాను. వాళ్లు మాత్రం తడిగుడ్డతో తుడిచిన కుర్చీ వేసి, పెళ్లి వీడియో పెట్టారు.

పావని లేచింది. కుర్చీ జరిపింది. తువ్వాలు మడిచి నేలమీద పెట్టి, అది సర్దుతూ కూర్చుంది. తెర మూలన టైము పదకొండూ నలభై రెండు. కెమెరా గడియారం తప్పేమోనని వెనక్కి తిప్పించాను. జీలకర్రా బెల్లం పెట్టిన నిమిషం శుభలేఖలోని ముహూర్తంతో సరిపోయింది.

"మా లచ్చికి దెబ్బ తగిలిందా సార్?" అని సోమవారం బడి గుమ్మంలోనే పావని అడిగిన మాట అప్పుడు గుర్తొచ్చింది. ఆ సంగతి అప్పటికింకా ఆమెకు ఎవరూ చెప్పలేదని తరవాత తెలిసింది.

ఇది రాస్తే నోటుబుక్కు చదివిన ప్రతివాళ్లూ గాలి అనే అంటారు. అప్పుడు ఇద్దరు పిల్లలూ బడికి దూరమవుతారు. ఆ గురువారం 'ముందు గుర్తులు' గడి ఖాళీగా వదిలేశాను.

డాక్టరు పేజీలన్నీ శ్రద్ధగా చదివి మందు మార్చారు. ధనలక్ష్మికి మూర్ఛలు తగ్గిపోయాయి, పదో తరగతి పాసైంది. పేజీలు చదివిన రోజు మాత్రం ఆయన ఆ ఖాళీ గడిమీద వేలు పెట్టి, "ఇక్కడేం రాయలేదేం మాస్టారూ?" అన్నారు.

"ఆ రోజు పావని బడికి రాలేదండీ" అన్నాను.

అది నిజమే. కానీ అంతకు మించిన నిజాన్ని దాచడానికే ఆ మాట అన్నాను. ఆ నోటుబుక్కు తాళంచెవుల పక్కనే ఉంది. ఆ గడిలో ఏం రాయాలో నాకు ఇప్పటికీ తెలియదు.