జీపు పుస్తకంలో నాలుగు బరువులు

డిగ్రీ చేతికొచ్చి ఆరు నెలలైనా నిండని ఆ రోజుల్లో నాకు అర్థం కానిదంటూ ఏదీ ఉండేది కాదు. అర్థం కాలేదన్న సంగతి కూడా తెలిసేది కాదు కనుక! వన్ టౌన్‌లో మా పెదనాన్నకు పెళ్లిళ్లకూ సభలకూ జనరేటర్లు అద్దెకిచ్చే షాపు ఉండేది. నేనక్కడ సూపర్‌వైజర్‌ని. (నా కింద పనిచేసేది ఒక్క జీపు డ్రైవరే. ఆయన్ని అందరం బాబాయ్ అనేవాళ్లం. నిజానికి నేనే ఆయన కింద పనిచేసేవాణ్ని.)

ఆ మే నెలలో మైలవరం చర్చిలో మా పిన్ని కూతురి పెళ్లి. పదకొండు గంటలకు ప్రార్థన. లైన్ల మరమ్మతు వల్ల ఆ రోజు ఊళ్లో కరెంటు ఉండదని ముందే చెప్పేశారు. "జనరేటర్ నువ్వు పట్టుకెళ్లు. జీపు ఎంత లాగుతుందో పుస్తకంలో చూసుకుని మరీ ఎక్కించు," అన్నాడు పెదనాన్న. చూశాను. అందులో ఒకటి కాదు, నాలుగు బరువులున్నాయి. ఖాళీ జీపు బరువు ఒకటి, మనుషులూ సామానూ ఎక్కాక జీపు మించకూడనిది ఒకటి, బ్రేకులున్న ట్రైలర్ అయితే లాగగలిగేది ఒకటి, బ్రేకుల్లేనిదైతే లాగగలిగేది ఒకటి. రెండేసి సార్లు చదివి, బుర్ర తిరిగి, నాలుగింట్లో పెద్దది ఎంచుకున్నాను. రెండువేల మూడొందల కిలోలు! (పరీక్షల్లో కూడా తెలియని ప్రశ్నకు పొడుగాటి జవాబే రాసేవాణ్ని.)

మా రెండు చక్రాల ట్రైలర్ మీద జనరేటర్ ఎక్కింది. ఇంకా బోలెడు అవకాశం ఉందని కేబుల్ చుట్టలూ, ఫ్యాన్లూ, డీజిల్ డ్రమ్మూ చివర్న సర్దించాను. బాబాయ్ ట్రైలర్ చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, "అబ్బాయ్, లాగటం వేరు, ఆపటం వేరు," అన్నాడు. "పుస్తకంలో ఉంది బాబాయ్," అన్నాను. చదువుకున్నవాణ్ని కదా, ఆయన వెళ్లి జీపు స్టార్ట్ చేశాడు.

కొండపల్లి దాటేదాకా బాగానే నడిచింది. తర్వాత రోడ్డు కాస్త పల్లానికి దిగేచోట గేదెల మంద అడ్డొచ్చింది. బాబాయ్ బ్రేకు తొక్కాడు. జీపు ఆగుదామనుకుంది గానీ ట్రైలర్ ఒప్పుకోలేదు. వెనకనుంచి నెట్టుకొస్తూ, అటూ ఇటూ ఊగిపోతూ, మమ్మల్ని రోడ్డు దింపి మామిడితోటలోకి తోసేసింది. ఒక చెట్టుకు జానెడు దూరంలో ఆగాం. బాబాయ్ స్టీరింగ్ వదలకుండా, "ప్రభువా!" అన్నాడు.

బరువెంతో తేల్చుకుందామని బాబాయ్ అనడంతో, నడకంత మెల్లగా, దగ్గర్లో ఉన్న లారీలు తూచే కాటాకు చేరాం. కాటా చూసే ఆవిడ జీపు పుస్తకం అడిగి తీసుకుని, ట్రైలర్‌ని విడదీయించి, దాన్నొక్కదాన్నే తూచింది.

"తమ్ముడూ, బ్రేకులున్నాయా?"

"జీపుకున్నాయండీ."

"నేనడిగేది ట్రైలర్‌కి."

"లేవండీ."

"అయితే మీ పుస్తకం ప్రకారం జీపు లాగగలిగేది ఏడొందల యాభై కిలోలే. ట్రైలర్ సొంత బరువు కూడా అందులోదే. ఇక్కడ పదహారొందలు తూగుతోంది."

"మరి ఆ రెండువేల మూడొందలండీ?"

"అది నీతో, సామానుతో కలిపి జీపు మించకూడని బరువు. జీపు లాగేది కాదు."

నేను మళ్లీ అడిగాను. ఆవిడ మళ్లీ చెప్పింది. మూడోసారికి బాబాయే కల్పించుకుని, "వాడికి తెలిసిందిలేమ్మా," అన్నాడు. (తెలియలేదు.) పైగా బరువంతా చివర్న పెట్టడంతో ట్రైలర్ ముక్కు పైకి లేచి, జీపు వెనక భాగాన్నీ ఎత్తుతోందట. ఆ ఊగుడంతా అందుకేనట.

ఆవిడే ఫోన్ చేసి మినీ లారీని రప్పించింది. పక్క షెడ్డు క్రేన్‌తో జనరేటర్‌ని, దాంతోపాటు మిగతా సామానంతా అందులోకి మార్పించాం. ఖాళీ ట్రైలర్ ఈడ్చుకుంటూ మేం వెనకాల బయల్దేరాం.

చర్చి చేరేసరికి పన్నెండున్నర. ప్రమాణాలయిపోయాయి. జనమంతా పాటల పుస్తకాలతో విసురుకుంటున్నారు. పెళ్లికూతురి ముఖం నిండా చెమట. "వచ్చావా నాయనా! భోజనాలకైనా అందావు," అంది పిన్ని. అంతలో జనరేటర్ మోగింది, ఫ్యాన్లు తిరిగాయి, జనం చప్పట్లు కొట్టారు. అవి నాకేననుకుని నవ్వుతూ చెయ్యి ఊపాను.

అప్పుడెవరో తీసిన ఫొటో మొన్న మా చెల్లి నా ఫోన్‌కి పంపింది. "అన్నయ్యా, ఇందులో ఎందుకు చెయ్యి ఊపుతున్నావు?" అని కింద రాసింది. పెద్దది చేసి చాలాసేపు చూశాను. చొక్కా నిండా తోట దుమ్ము, జేబులోంచి తొంగిచూస్తున్న కాటా చీటీ. ఆ కుర్రాడు ఎందుకు ఊపుతున్నాడో నేనూ చెప్పలేకపోయాను. ఎంత సన్నగా ఉన్నాడో! ఎంత నిండుగా నవ్వుతున్నాడో!