దెబ్బకొక పరీక్ష

ఉషకి తొమ్మిదేళ్ళప్పుడు ముందుపన్ను ఊడింది. పాలపన్ను కాదు. శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డున వాళ్ళ ఊళ్ళో పెద్దవల వంతు కోసం రెండిళ్ళవాళ్ళు రాళ్ళు రువ్వుకుంటుంటే, చూడ్డానికి పోయిన పిల్ల మూతికి ఒక రాయి తగిలింది. ఎవరు విసిరారో ఇప్పటికీ తెలీదు. ఊళ్ళో వలలు ఏడు, వల దింపే చోటు ఒక్కటే. రోజుకొకరిది వంతు. ఆ వంతు పెద్దల నోటిమాట గనక ఏడాదికి రెండు తలలైనా పగిలేవి. గోటితో పోయేదానికి గొడ్డలి తీయడం మా వైపు వాళ్ళకి వెన్నతో పెట్టిన విద్య.

విజయనగరంలో కంప్యూటర్ చదువు ముగించి వచ్చాక ఉష ఒక పంతం పట్టింది. వంతును సెల్లులో పెడతాను, ఇక ఒడ్డున నెత్తురు పడకూడదు అంది. జావాస్క్రిప్ట్‌లో చిన్న చిన్న మాడ్యూళ్ళుగా రాసింది. వలల వరసకి ఒకటి, తుఫాను రోజులకి ఒకటి, చావు మైలకి ఒకటి. ఆ ముక్కలన్నీ కలిపి కట్టడానికీ, కట్టింది సరిగ్గా ఉందో లేదో పరీక్షించడానికీ ఆమె దగ్గర ఒకటే టూల్ ఉంది. ఒక్క కమాండ్ కొడితే రెండు పనులూ అదే చేస్తుంది. ఒక్క పరీక్ష తప్పినా ఎర్రగా చూపించి, ఊరి ఫోన్లలోకి పోనివ్వదు. మొండిఘటం. అందుకే ఉషకి అదంటే ప్రాణం.

ఆ పరీక్షలు రాయడానికి ఇంటింటికీ తిరిగి మచ్చలు చూసింది. ఎల్లాజీ తల ఎందుకు పగిలింది? తుఫానుకి పోయిన వంతు మర్నాడు ఇమ్మన్నందుకు. గున్నమ్మ మణికట్టు ఎందుకు విరిగింది? చిరిగిన వల బాగయ్యేదాకా వంతు ఆపమన్నందుకు. దెబ్బకొక పరీక్ష, తిన్నవాళ్ళ పేరే దానికి పేరు. ముప్పై ఎనిమిది అయ్యాయి. ఆ తరవాత రెండేళ్ళు ఒడ్డున ఎవరూ ఎవరినీ కొట్టలేదు. ఒకప్పుడు తెడ్డుతోనే మాట్లాడిన ఆమె తండ్రి దాలయ్య, గొడవొస్తే సెల్లు తీసి చూపించడం నేర్చుకున్నాడు.

ఈ మాఘంలో, ఆ ఏడు వలల్లో ఒకటున్న ధనరాజు తల్లి చనిపోయింది. మైలలో వల దింపరు. అయితే వంతు పోదు. పెద్దదినం అయిన మర్నాడు అందరికంటే ముందు వాళ్ళదే.

పెద్దదినం సాయంత్రం ఉష, వలల ఫోటోలు చేర్చిన కొత్త వెర్షన్ వదలబోయింది. ఆ రోజే ఇస్తానని ఊరందరికీ చెప్పి ఉంది. టూల్ ససేమిరా అంది. మైల పరీక్ష ఒక్కటే ఎర్రగా ఉంది. మూడుసార్లు కొట్టింది, మూడుసార్లూ ఎరుపే. విసిగిపోయి ఆ ఒక్కదాన్నీ పక్కన పెట్టించింది. పొద్దున్న గుండు చేయించుకున్నవాడు రేపే వల తీస్తాడా, నింపాదిగా సరిచేద్దాం అనుకుంది. పదకొండు రోజులు వల తడవని ఇల్లు ఇంకొక రోజు ఆగుతుందా? వలల మధ్య పుట్టిన పిల్లకి ఆ మాత్రం తోచకపోవడం నాకు ఇప్పటికీ కోపమే. అన్నీ పచ్చగా చూపించి టూల్ వదిలేసింది.

తెల్లారి కేకలు విని ఉష ఒడ్డుకి పరిగెత్తింది. నీళ్ళు నల్లబడేంత చేపల మంద వచ్చి ఉంది. సెల్లులో వంతు దాలయ్యది. తన పడవ తోసుకొచ్చిన ధనరాజు కదలనంటున్నాడు. అప్పటికే ఇరవైమంది తెడ్లతో, రాళ్ళతో కలబడ్డారు. ధనరాజు నున్నటి గుండు చీలి నెత్తురు కళ్ళలోకి కారుతోంది. ఎల్లాజీ ఇసకలో బోర్లా పడి పళ్ళు ఉమ్ముతున్నాడు. నా కూతురు రాసింది తప్పవదని అరుస్తూ దాలయ్య తెడ్డు ఎత్తాడు.

ఉషకి నిజం తెలుసు. చెబితే ఊరి ముందు తండ్రి తల దించుకోవాలి. ఆ ఒక్క క్షణం నోరు పెగల్లేదు. ధనరాజు అడ్డం పెట్టిన చేతి మీద తెడ్డు పడింది. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది.

"అయ్యా, ఆపు," అంది ఉష. "వంతు ధనరాజు మావదే. తప్పని తెలిసీ నానే వదిలీసేను."

తెడ్లు ఆగాయి. దాలయ్య ఆమె వైపు తిరిగాడు. గొంతులో కోపం లేదు.

"ఒసే, నీ మాట మీదే గదే ఆడి సెయ్యి ఇరగ్గొట్టీసేను."

ఉష చున్నీ తీసుకుని, విరిగిన చేతికి కట్టు కట్టడానికి ధనరాజు దగ్గరికి వెళ్ళింది. అతని భార్య జగ్గమ్మ ఆమెను రెండు చేతులతో నెట్టేసింది. ఉష ఇసకలో పడింది, లేచి మళ్ళీ అటే వెళ్ళింది.