మూల మడతలో ఎర్ర దారం

మా ఎదురింటి పెద్దాయన మొన్న మంగళవారం పొద్దున పోయాడు. టీ గ్లాసు పక్కన పెట్టి గోడకు ఆనుకున్నవాడు మళ్లీ లేవలేదు. బేతంచెర్లలో నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీకి కాపలా ఉండేవాడు. అంతకుముందు పద్నాలుగేళ్లు జైల్లో ఉన్నాడు. పొలం గట్టు తగాదాలో సొంత బావమరిదినే చంపాడు. ఆ సంగతి ఆయన దాచలేదు, నేనూ దాచను. ఆయన ఎదురింట్లో దిగిన కొత్తలో నా పిల్లల్ని ఆ గడప వైపు పోనిచ్చేదాన్ని కాదు. తలుచుకుంటే సిగ్గేస్తోంది.

జైల్లో ఆయనకిచ్చిన పని మగ్గం. జంపఖానాలు నేసేవాడు. తెల్లవాళ్ల కాలంలో ఖైదీల చేత ఎద్దులకు బదులు గానుగ తిప్పించేవారని, రోడ్డు కంకర కొట్టించేవారని లోపలి ముసలివాళ్లు చెప్పగా విన్నాడట. తర్వాత మగ్గాలొచ్చాయి, వడ్రంగం వచ్చింది. ఆఫీసుల బల్లలు, ఆసుపత్రుల దుప్పట్లు, బడి జంపఖానాలు అక్కడి నుంచే పోయేవి. "చెయ్యి ఊరికే ఉంటే మనసు ఊర్లోకి పోతాదమ్మా" అనేవాడు. ఇప్పుడు ఖైదీలు పెట్రోలు బంకుల్లో పనిచేస్తున్నారని పేపరు చదివి వినిపిస్తే నోరు తెరిచాడు. "అయితే మనుషుల మొకాలు చూస్తాండారన్నమాట! మేం నేసింది యాడికి పోతాదో మాకు తెలిసేదే కాదు."

నేసినవాడి పేరు దేనిమీదా ఉండేది కాదు, జైలు ముద్ర మాత్రమే పడేది. అందుకని ఒక్కొక్కరూ ఒక్కో గుర్తు దాచుకునేవారు. మా పెద్దాయనది ఎడమ మూల మడత లోపల ఒకే ఒక్క ఎర్ర దారం. మేస్త్రీ చూసీ చూడనట్టు పోయేవాడట.

అది నాకు తెలిసింది నేను పాఠాలు చెప్పే బడిలోనే. పంద్రాగస్టుకు ఆయన్ని పిలిచాను. అందరూ జెండాకు చప్పట్లు కొడుతుంటే ఈయన వంగి పాత జంపఖానా మూల తిప్పి చూస్తున్నాడు.

"ఏమప్పా, దుడ్లేమన్నా దాచిపెట్టినావా?" అని మా అటెండరు ఎగతాళి చేశాడు.

పెద్దాయన నవ్వలేదు. "ఇది నాది టీచరమ్మా" అన్నాడు.

ఆయన జైల్లో ఉండగా, కోసిగి దగ్గర పల్లెలో కూతురు ఒకటో తరగతిలో చేరింది. ఆ వైపు బళ్లకు జంపఖానాలు పోతున్నాయని విని ఉత్తరం రాయించాడు. బడిలో ఎడమ మూల తిప్పి చూడు తల్లీ, ఎర్ర దారం ఉంటే అది మీ నాయనే అని. జవాబు రాలేదు.

"ఏది ఏ ఊరికి పోతాదో నాకెట్ల తెలుస్తాది? అందుకే అన్నిట్లోనూ ఏసినా" అన్నాడు. విడుదలయ్యాక ఊరికి పోలేదు. "నా పెండ్లాం తమ్ముని ప్రాణం తీసినోణ్ణి, ఏ మొకం పెట్టుకొని ఆ గడపలో నిలబడాల? పాప చూసిందా లేదా, అదొక్కటి కనుక్కోమ్మా, సాలు."

కోసిగిలో పనిచేసే టీచరు నాకు తెలుసు. ఒక్క ఫోనుతో అయ్యే పని. పరీక్షలు కానీ, సెలవులు రానీ అంటూ రెండేళ్లు నెట్టాను. నిజం చెప్పాలంటే భయపడ్డాను. ఆ అమ్మాయి ఛీ అంటే ఆ మాట తెచ్చి ఈయనకెలా చెప్పేది? ఆయన మళ్లీ అడగలేదు. పొద్దున నేను బడికి పోతుంటే తలెత్తి నా మొహంలోకి చూసేవాడు, అంతే. చివరికి ఫోను చేశాను. ఆయన పోయాక చేశాను.

వచ్చిన నలుగురూ కూర్చోడానికి బడిలోని ఆ పాత జంపఖానానే తెచ్చి వాకిట్లో పరిచాను. మధ్యాహ్నం మూడింటికి ఆటోలోంచి ఒకామె దిగింది. ఎవరినీ ఏమీ అడగలేదు. శవం వైపు కూడా వెంటనే పోలేదు. నేరుగా ఎడమ మూలకు వచ్చి, వంగి, మడత తిప్పి చూసింది. ఎవరో నాకు అర్థమైపోయింది.

"మా బడి జంపఖానాలోనూ ఈ మూలనే టీచరమ్మా" అంది. "ఐదో తరగతి దాకా నేనే కూచున్యా, ఎవర్నీ కూచోనీలే. మామను చంపినోనికి జవాబు రాయొద్దని మాయమ్మ ఒట్టు పెట్టించుకునింది. అమ్మ పోయి ఏడాదాయె. నాయన యాడుండాడో చెప్పేవాళ్లు లేకపాయె."

నేను తలెత్తలేకపోయాను.

పాడె లేచే దాకా ఆమె ఆ మూలనే కూర్చుంది. బడిపిల్లలా బాసింపట్టు వేసుకుని, ఆ ఎర్ర దారం మీద వేలు పెట్టుకుని.